మసి అంటని చోటు

పార్సిప్పనీలో విద్య, కౌశిక్ కొనుక్కున్న ఇల్లు పాతదే. అయినా విద్యకి తెగ నచ్చింది. అపార్ట్‌మెంట్‌లో పైవాళ్ళ అడుగుల చప్పుడు వింటూ గడిపినవాళ్ళకి సొంతంగా నాలుగు గోడలు దొరకడం చిన్న సంగతి కాదు. ఆ గోడలకి తెల్లరంగు తనే దగ్గరుండి వేయించుకుంది. ఇల్లంతటినీ వెచ్చబరిచే, బేస్‌మెంట్‌లో ఉన్న ఆయిల్ ఫర్నేస్ మాత్రం ఆమెకి మొదటినుంచీ నచ్చలేదు. వెలిగేముందు ముసలివాడిలా దగ్గేది.

"సమ్మర్‌లో మార్పించేద్దాంలే," అనేవాడు కౌశిక్.

ఆ శనివారం మంచు తుఫాను వస్తుందన్నారు. ముందే సరుకులు తెచ్చుకుందామని పాప ఇషాని కార్‌లో కూర్చోబెట్టుకుని ఎడిసన్ వెళ్ళారు. తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం ఇంకా పూర్తి కాలేదు కానీ ఆకాశం బూడిదరంగుకి దిగిపోయింది. వాకిట్లో అప్పుడే మంచు పేరుకుంటోంది.

తలుపు తీయగానే కిరసనాయిలు లాంటి వాసన గుప్పుమంది.

విద్య లైటు వేసింది. వెలుగు రాలేదు. కాదు, వచ్చింది. బల్బుల మీద మసి పట్టి, వెలుగు పసుపుగా, మురికిగా కిందికి దిగింది. గోడలు నల్లగా ఉన్నాయి. కర్టెన్లు, డైనింగ్ టేబుల్, కార్పెట్, అన్నీ నలుపే. మూలల్లో మసి దారాలు దారాలుగా బూజులా వేలాడుతోంది. దేవుడి అలమరలో ఏ విగ్రహం ఎవరిదో పోల్చుకోలేనంతగా ముఖాలు మూసుకుపోయాయి. సరుకుల సంచి విద్య చేతిలోంచి జారిపోయింది.

తుఫాను ముదరకముందే ఫర్నేస్ రిపేర్ చేసే ఆయన వచ్చాడు. కాలకుండా మిగిలిపోయిన ఆయిల్ అంతా పోగై ఒక్కసారిగా అంటుకుందనీ, ఆ పొగ వేడిగాలి వచ్చే వెంట్లలోంచి ఇల్లంతా చిమ్మిందనీ చెప్పాడు. బేస్‌మెంట్ మెట్ల దగ్గరున్న ఎర్ర స్విచ్ తనే కట్టేశాడు, కిటికీలు తీసి ఉంచమన్నాడు. వెళ్ళబోతూ హాల్లో సోఫా దగ్గర ఆగాడు.

"ఇక్కడ కూర్చున్నవాళ్ళకి ఏం కాలేదు కదా?" అని అడిగాడు ఇంగ్లీషులో.

"ఇంట్లో ఎవరూ లేరు. అందరం బయటికెళ్ళాం," అన్నాడు కౌశిక్.

ఆయన సోఫా వైపు ఇంకోసారి చూశాడు. పనిముట్ల సంచి అందుకుని వెళ్ళిపోయాడు.

అప్పుడు చూసింది విద్య. సోఫా అంతా బొగ్గులా ఉంది. నడుమ మాత్రం ఒక చోటు శుభ్రంగా ఉంది. వెనక్కి ఆనిన తల. భుజాలు. చాచి పెట్టిన ఒక చెయ్యి. దగ్గరగా పెట్టుకున్న తొడలు. కింద కార్పెట్ మీద, మసి అంటని రెండు పాదాల ఆకారాలు. అక్కడినుంచి ఎటూ ఒక్క అడుగు కూడా లేదు.

"పొద్దున నేనే బ్లాంకెట్ పడేసి ఉంటాను," అన్నాడు కౌశిక్.

"మరి ఆ బ్లాంకెట్ ఏదీ?"

అతను వంగి సోఫా వెనక వెతికాడు.

ఇన్సూరెన్స్ వాళ్ళు హోటల్ రూమ్ మర్నాడు చూస్తామన్నారు. ఎడిసన్‌లో ఉన్న కౌశిక్ ఫ్రెండ్ శశికాంత్ వాళ్ళింటికి పోదామంటే రోడ్లు అప్పటికే మూసుకుపోయాయి. చేసేదిలేక పై బెడ్‌రూమ్‌లో గోడలు పైపైన దులిపి, ఎలక్ట్రిక్ హీటర్ పెట్టి, తలుపు సందుల్లో తువ్వాళ్ళు కుక్కారు. మిగిలిన ఇల్లు ఐసుగడ్డలా అయిపోయింది.

చీకటి పడుతుండగా మంచినీళ్ళ కోసం విద్య కిందికి దిగింది. వంటింట్లో సీసా నింపుతుంటే హాల్లోంచి ఇషా గొంతు వినిపించింది. ఎప్పుడు దిగి వచ్చిందో!

"అమ్మా, ఇక్కడ వార్మ్ ఉంది. నువ్వు కూడా కూర్చో."

విద్య పరుగున వచ్చింది. ఇషా సోఫాలో, ఆ మసి అంటని చోట కూర్చుని ఉంది. ఒళ్ళో కూర్చున్నట్టు, వెనక్కి ఆనుకుని.

"లే... ఇషా, లే అక్కణ్ణుంచి."

పాప చేతులు పట్టుకుని లాగింది. పాప కదల్లేదు. పూచికపుల్లంత పిల్ల, రాయిలా బరువుగా ఉంది. ఆసరా కోసం విద్య అరచెయ్యి సోఫా మీద ఆన్చింది... వెచ్చగా ఉంది. ఇల్లంతా గడ్డకట్టిన ఆ చలిలో, ఎవరో ఇప్పుడే కూర్చుని లేచినట్టు... లేవనట్టు.

బలమంతా పెట్టి గుంజింది. పాప ఊడివచ్చి ఆమె మీద పడింది.

సరిగ్గా అప్పుడే, కిందనుంచి... ఒక దగ్గు.

కౌశిక్ మెట్లు దిగి వచ్చాడు. మళ్ళీ దగ్గు.

"ఆఫ్ చేశాడు కదా?" గొణిగింది విద్య.

"నా కళ్ళముందే చేశాడు."

"వెళ్ళొద్దు కౌశిక్. బయటికి పోదాం, కార్‌లో కూర్చుందాం."

"అది అంటుకుంటే ఇల్లే కాలిపోతుంది విద్యా. ఒక్క నిమిషం. చూసి వచ్చేస్తా."

ఫోన్ లైటు పట్టుకుని దిగాడు. మెట్లు కిర్రుమన్నాయి. ఆ తరవాత ఏ చప్పుడూ లేదు. విద్య పాపని ఎత్తుకుని వీధి తలుపు తీసి పట్టుకుంది. ఆయిల్ వాసన పెరుగుతోంది.

కిందనుంచి కౌశిక్ గొంతు, మెల్లగా...

"ఎవరూ?"

ధడేల్‌మంది. కాళ్ళకింద నేల అదిరింది. అన్ని వెంట్లలోంచీ నల్లగా ఎగజిమ్మింది. విద్య చెప్పుల్లేకుండానే మంచులోకి పరుగెత్తింది. "కౌశిక్! కౌశిక్!" అని అరుస్తూనే ఉంది.

చాలాసేపటికి అతను గుమ్మంలోకి వచ్చాడు. ఒళ్ళంతా మసి. దెబ్బ ఒక్కటీ లేదు.

"ఫర్నేస్ ఆగిపోయే ఉంది," అన్నాడు, ఏమీ జరగనట్టు.

"'ఎవరూ?' అన్నావు. ఎవర్ని చూశావు?"

"నేనేం అనలేదే."

వీధిలైటు కిందికి వచ్చాక ఆమెకి కనిపించింది. నల్లబడ్డ తెల్ల స్వెటర్ మీద, చంకల కిందనుంచి ముందుకి వచ్చిన రెండు తెల్లటి పట్టీలు. ఛాతీ మీద అవి కలుసుకున్నాయి. వేళ్ళల్లో వేళ్ళు పెనవేసుకున్న గుర్తు. వెనకనుంచి ఎవరో గట్టిగా వాటేసుకున్నంత మేరా మసి అంటలేదు. విద్య చెయ్యి వేసి చూసింది. కాలిపోతున్నాడు.

మర్నాడు రోడ్లు తెరిచాక హాస్పిటల్లో పరీక్షలన్నీ చేశారు. ఊపిరితిత్తులు బాగున్నాయన్నారు. క్లీనింగ్ వాళ్ళు వచ్చి ఇల్లంతా కడిగి, కొత్త రంగు వేశారు. వారం తిరక్కుండానే గోడలు నల్లబడ్డాయి. మళ్ళీ కడిగారు, మళ్ళీ నల్లబడ్డాయి. ఆఖరికి వాళ్ళు రావడం మానేశారు. విద్య ఇంటికి తాళం వేసి, పాపనీ అతన్నీ తీసుకుని తిరిగి అపార్ట్‌మెంట్‌కి వచ్చేసింది.

కౌశిక్ ఆఫీస్‌కి వెళ్తాడు, వస్తాడు, పెట్టింది తింటాడు. పిలిస్తే మాత్రం వెంటనే పలకడు. తల కొంచెం పక్కకి వంచి, ఎవరో చెబుతున్నది విని, ఆ తరవాత జవాబిస్తాడు. మొదట్లో విద్య ఏడ్చింది, బతిమాలింది, దేవుళ్ళకి మొక్కింది. ఇప్పుడు అవేవీ చేయడం లేదు. ఎవరికని చెప్పుకుంటుంది? ఏమని చెప్పుకుంటుంది?

మొన్న ఉదయం ఎముకలు కొరికే చలి. ఇషాని కార్ ఎక్కించి సీట్‌బెల్ట్ పెడుతూ విద్య తల ఎత్తి చూసింది. కౌశిక్ పార్కింగ్ లాట్‌లో ఒంటరిగా నిలబడి ఉన్నాడు. అతను ఊపిరి వదిలితే నోట్లోంచి తెల్లటి ఆవిరి వచ్చి గాల్లో కలిసిపోయింది.

అతని నోరు మూసుకుంది.

ఆ వెంటనే, అతని భుజం వెనకనుంచి, చెవి పక్కగా, ఇంకో ఆవిరి నెమ్మదిగా బయటికి వచ్చింది.