స్కార్‌నెస్ మీద పోయే నిమిషాలు

స్కార్‌నెస్ కొన దగ్గర ఆకాశం మంచిది కాదు. చలికాలంలో దాని మీదుగా వెళ్ళిన విమానం ఏదీ వేళకి దిగదని నార్వే ఉత్తరపు అంచున ఎవర్ని అడిగినా చెప్తారు. కింద సముద్రంలో మునిగి చచ్చిన జాలరి ఒకడు సగం పడవ మీద తిరుగుతుంటాడట... పైన పోయేవాళ్ళ నిమిషాలు లాక్కుని తినేస్తాడట.

టోర్‌మోద్‌కి ఆ రోజు ఒక్క నిమిషం కూడా పోకూడదు. హామ్‌విక్ నుంచి లోక్‌సుండ్‌కి గాలిలో డెబ్భై కిలోమీటర్లు, పద్నాలుగు నిమిషాలు. పన్నెండింటికి అక్కడి మున్సిపల్ ఆఫీసులో అతని పెళ్ళి. మంచుకి రోడ్డు మూసుకుపోయి ఇప్పటికే రెండుసార్లు ముహూర్తం తప్పింది. "మూడోసారి కూడా ఆలస్యమైతే నీ ముఖం చూడను," అని యోరున్ ఖరాఖండిగా చెప్పేసింది. అందుకే పడవలు బాగుచేసుకునే ఆ యాభై ఎనిమిదేళ్ళ మనిషి, విమానమంటే చచ్చేంత భయమున్నా, జన్మలో మొదటిసారి ఎక్కాడు.

పదకొండూ నలభైకి విమానం లేచింది. నవంబరులో పోయిన సూర్యుడు జనవరి సగమైనా రాలేదు. పట్టపగలే బయటంతా మసక చీకటి.

పక్క సీట్లో ఓలావా అవ్వ మేజోడు అల్లుతోంది. "పెళ్ళికొడుకువా నాయనా? అయ్యో... పద్నాలుగు నిమిషాల్లో దిగుతామనుకున్నావా?"

"టైమ్‌టేబుల్లో అలాగే ఉందవ్వా."

"ఆ మునిగిన జాలరికి చదువు రాదుగా..." అని గుసగుసగా అంటూ సూదితో కిందికి చూపించింది.

టోర్‌మోద్ గడియారం మీంచి చూపు తిప్పలేదు. పది... పన్నెండు... పదమూడో నిమిషంలో విమానం దిగాల్సింది పోయి — పైకి లేచింది. లోపలి దీపాలు టప్పున ఆరిపోయాయి.

అతను గట్టిగా కళ్ళు మూసుకున్నాడు. ఒక కన్ను కొంచెం తెరిచి చూస్తే, ప్రయాణికులందరూ ఎవరో పిలిచినట్టు ఒకేవైపు తిరిగి ఉన్నారు. ముఖాల మీద ఎర్రటి వెలుగు. అవ్వ బుగ్గలు నెత్తురు పూసినట్టున్నాయి! మళ్ళీ కళ్ళు మూసేశాడు. చల్లటి చెయ్యొకటి అతని మణికట్టు పట్టుకుంది.

"కళ్ళు తెరువు..."

"వద్దవ్వా... నాకింకా పెళ్ళి కాలేదు..."

"తెరవరా పిరికివాడా!"

తెరిచాడు. మబ్బుల అంచున, గుడ్డు సొనంత — సూర్యుడు.

"నేల మీంచి కనబడాలంటే ఇంకా వారం పడుతుంది," అంటూ అవ్వ అతని చేతిలో జామ్ బన్ను పెట్టింది. "మా పైలటమ్మ ఏటా ఇలా పైకెక్కించి చూపిస్తుంది. పై ఆఫీసుకి తెలిస్తే ఊరుకోరు కదా! అందుకే ఎవరడిగినా దెయ్యమని చెప్తాం. నువ్వూ అదే చెప్పు."

దిగేసరికి పన్నెండూ ఆరు. పెళ్ళి బట్టల మీద గొర్రెతోలు కోటు తొడుక్కుని, నడుం మీద చేతులతో యోరున్ మంచులో నిలబడి ఉంది.

"ఊఁ... చెప్పు."

"దెయ్యం..." అని మొదలుపెట్టాడు గానీ, ఆమె కళ్ళలోకి చూస్తూ అబద్ధం ఆడలేకపోయాడు. "సూర్యుణ్ణి చూశాం, యోరున్."

ఆమె ముఖం చిన్నబోయింది. "నేను లేకుండానా?"

ఆలస్యానికి తిట్టినా అతనికి అంత బాధ కలిగేది కాదు. యోరున్ అతని చెయ్యి పట్టుకుని, తిరిగి బయల్దేరబోతున్న విమానం మెట్ల వైపు బరబరా ఈడ్చుకెళ్ళింది.

"మరి పెళ్ళి?"

"ఆఫీసు మూడింటిదాకా ఉంటుంది. సూర్యుడు ఉండడు. ఎక్కు!"