పై గాలి సాక్ష్యం

ఉదయం ఏడున్నరకి హార్బర్ చివర, అలల ఎత్తు కొలిచే స్టేషన్‌లో ముసలి సముద్ర శాస్త్రవేత్త శవం దొరికింది. కళ్లజోడు తీసి పక్కన పెట్టుకుని, బల్ల మీద తల వాల్చి, కాసేపు కునుకు తీస్తున్నట్టే ఉన్నాడు. సగం తాగిన టీలో విషం ఉందని ఎనిమిదింటికి ల్యాబ్ నుంచి మెసేజ్ వచ్చింది.

ఆ మెసేజ్ చదివిన సీక్రెట్ ఏజెంట్‌ని డిపార్ట్‌మెంట్‌లో 'గ్రీజు' అంటారు. ఇరవై ఏళ్ల సర్వీసులో మెకానిక్ వేషం తప్ప ఇంకో వేషం వెయ్యలేదు మరి. చనిపోయినాయన అతని తల్లికి తమ్ముడు, పిల్లనిచ్చిన మామ.

డైరెక్టర్ గుమ్మం దగ్గరే నిలబడి బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"ఇది గవ్వ ముఠా పని. విదేశీ చమురు కంపెనీ ఒకటి వాళ్లని పోషిస్తోంది. మీ మామగారి నలభై ఏళ్ల రికార్డులు సర్వర్‌లో మార్చేశారు. ఆయన సంతకం ఫోర్జరీ చేసి రిపోర్ట్ తయారుచేశారు. దాని మీద మధ్యాహ్నం పన్నెండింటికి పది దేశాల వాతావరణ సమ్మిట్‌లో ఓటింగ్."

"రిపోర్ట్‌లో ఏముంది?"

"భూమి వేడెక్కడమంతా సూర్యుడి పదకొండేళ్ల సైకిల్ వల్ల, సముద్రం సైకిల్ వల్ల. ఐదేళ్లు ఓపిక పడితే దానంతటదే చల్లబడుతుంది. అదీ సంగతి. పది దేశాలూ నమ్మితే చమురు తగ్గించే ఒప్పందం గంగలో కలిసినట్టే. తీరం పొడుగునా డ్రిల్లింగ్ మొదలవుతుంది. సముద్రం ముంచబోయే పల్లపు వాడల వాళ్లని ముందే తరలించే పనీ ఆగిపోతుంది."

గ్రీజు మామయ్య చేతివేళ్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ వేళ్లు జీవితమంతా గీసింది ఆ సైకిళ్లనే. సముద్రం కొన్నేళ్లు వేడి కక్కుతుందని, కొన్నేళ్లు మింగుతుందని, సూర్యుడు కాస్త రాజుకుని కాస్త తగ్గుతాడని అన్నం తింటూ కూడా చెప్పేవాడు. ఇతను ఊఁ కొడుతూ ముద్దలు మింగేవాడు. ఇప్పుడు గుర్తు తెచ్చుకుందామంటే ఆ ఊఁలే గుర్తొస్తున్నాయి.

"అసలు రికార్డుల డ్రైవ్ ముఠా దగ్గరుంది. వాళ్లలో మన మనిషి ఒకావిడ ఉంది. కోడ్ నేమ్ దుబాసీ. సమ్మిట్‌లో ఇంటర్‌ప్రెటర్. ఆవిడ నీకు డ్రైవ్ అందిస్తుంది."

"మా ఆవిడకి చెప్పాలి సార్. ఆయన కూతురు."

"పన్నెండు దాటాక. మనకి తెలిసిపోయిందని పొక్కితే వాళ్లు జాగ్రత్తపడతారు." డైరెక్టర్ చూపు తిప్పుకున్నాడు. "ఇది ఆర్డర్."

*

పదీ నలభైకి గ్రీజు బూడిదరంగు ఓవరాల్ తొడుక్కుని, టూల్ బ్యాగ్ భుజాన వేసుకుని కాన్ఫరెన్స్ హాల్లో ఉన్నాడు. స్క్రూడ్రైవర్ పిడిలో ట్రాన్స్‌మిటర్. జేబులో అగ్గిపెట్టెంత డ్రైవ్ రీడర్. హాల్ వెనక వరుసగా ఇంటర్‌ప్రెటర్ల అద్దాల బూత్‌లు. మూడో బూత్‌లో ఆవిడ. మెడ చుట్టూ పచ్చని సిల్కు స్కార్ఫ్, ఎవరినైనా ఇట్టే నమ్మించే కళ్లు.

"హెడ్‌ఫోన్‌లో గరగరలాడుతోంది," అంది.

"ఎడమ చెవిలోనా, కుడి చెవిలోనా?"

"రెండింట్లోనూ. ఎవరి మాట వినాలో తెలియడం లేదు."

కోడ్ సరిపోయింది. ఆవిడ లిప్‌స్టిక్ అతని అరచేతిలో పడింది. లోపల డ్రైవ్.

మెట్ల కింది వైరింగ్ గదిలో దాన్ని రీడర్‌కి తగిలించాడు. హాల్లో పంచిన రిపోర్ట్ కాపీ పక్కన పెట్టుకుని ఒక్కో సంవత్సరం సరిచూశాడు. అన్నీ రిపోర్ట్‌లో ఉన్న దొంగ అంకెలే. దుబాసీ వాళ్ల మనిషే.

టైం పదకొండూ ఇరవై. డైరెక్టర్‌కి ఫోన్ చేశాడు.

"ఆధారం లేకుండా పది దేశాల ఓటింగ్ ఎట్లా ఆపమంటావు?" అన్నాడు డైరెక్టర్. "గేట్ల దగ్గర మనవాళ్లని పెట్టాను. అంతకు మించి నా చేతిలో ఏమీ లేదు. ఏదో ఒకటి చెయ్యి."

ఏం చెయ్యాలి? గ్రీజు కేబుల్ చుట్ట మీద కూలబడ్డాడు. తెల్లారేసరికి మామయ్యని చంపారు, మధ్యాహ్నానికి ఆయన పేరుతోనే ఆయన పనిని చంపుతున్నారు. తను చూస్తూ కూర్చున్నాడు. పావుగంట ఆ డ్రైవ్‌లో అటూ ఇటూ వెతికాడు. తలా తోకా అందలేదు. ఇక అర్థమయ్యేది ఒక్క మనిషికే. ఆ మనిషికే ఫోన్ చెయ్యడానికి చెయ్యి రాలేదు. అయినా చేశాడు.

భార్య వాతావరణ కేంద్రంలో పై గాలి వేడి కొలిచే బెలూన్లు ఎగరేస్తుంది.

"త్వరగా చెప్పు బావా, బెలూన్‌లో గ్యాస్ నింపుతున్నాం."

"రికార్డులు మార్చేసి, నేరమంతా సూర్యుడి మీదికీ సముద్రం మీదికీ తోసేస్తే ఎట్లా పట్టుకోవడం?"

"నాన్ననడక్కుండా నన్నడుగుతావేంటి?"

"మామయ్య... పనిలో ఉన్నాడు. నువ్వు చెప్పు."

"సముద్రం అంకెలు మార్చారు సరే. పై గాలివి మార్చారా? మా బెలూన్ల లెక్కలు?"

రిపోర్ట్ చివరి పేజీలు తిప్పాడు. "మార్చినట్టు లేదు. ఏటికేడు చల్లబడుతూ వస్తోంది."

"అయితే దొరికారు."

"ఆగు. ఫోన్ పెట్టెయ్యకు. నేను చెప్పినప్పుడు మొదలుపెట్టు. చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పు. చాలామంది వింటారు. వాళ్ల చేతుల్లో ఈ రిపోర్టే ఉంది, మీ బెలూన్ల లెక్కలు చివరి పేజీలో ఉన్నాయి."

"ఎవరు?"

"తర్వాత చెప్తాను."

హాల్ స్పీకర్ల మెయిన్ లైన్‌ అందే ప్యానెల్ ఒక్కటే ఉంది. అది దుబాసీ బూత్‌లో ఉంది.

పదకొండూ యాభై ఆరుకి అతను ఆ తలుపు తోశాడు. ఆవిడ మైక్ ఆఫ్ చేసి నవ్వింది. అతను పక్కన కూర్చుని ప్యానెల్ స్క్రూలు విప్పడం మొదలుపెట్టగానే బల్ల కింద చిన్న పిస్తోలు అతని డొక్కకి ఆనింది.

"టీ నేనే కలిపాను," అంది మెల్లగా. "పెద్దాయన థాంక్స్ కూడా చెప్పాడు."

అతని చేతులు మాత్రం స్క్రూలు విప్పుతూనే ఉన్నాయి.

"కాల్చండి. గోడలన్నీ అద్దాలే. రెండొందల మంది చూస్తున్నారు."

వేదిక మీద ఛైర్మన్ చెక్క సుత్తి పైకెత్తాడు. "రిపోర్ట్‌ని ఆమోదించే విషయమై—"

గ్రీజు వైరు ఫోన్‌కి కలిపాడు. ఎర్ర లైటు వెలిగింది.

"ఇప్పుడు చెప్పు," అన్నాడు.

హాలంతా అతని భార్య గొంతు నిండింది.

"సముద్రానికీ సూర్యుడికీ సైకిళ్లున్న మాట నిజమే. మా నాన్న నలభై ఏళ్లుగా వాటినే కొలుస్తున్నాడు. కానీ ఎండే ముదిరితే కింది గాలీ పై గాలీ రెండూ వేడెక్కాలి కదా. సముద్రమే వేడి కక్కుతుంటే దాని కడుపు చల్లబడాలి కదా. చల్లబడటం లేదు, అదీ వేడెక్కుతోంది. మీ చేతుల్లో ఉన్న రిపోర్ట్ చివరి పేజీ తియ్యండి. మబ్బులకి పైన ఏటా చల్లబడుతోంది, కింద ఉడికిపోతోంది. దుప్పటి ముసుగేస్తే లోపల ఉక్క, బయట చలి. తప్పు ఎండది కాదు, దుప్పటిది. అది మనం కాల్చే బొగ్గూ చమురూ నేసిన దుప్పటి."

ఏ గొంతు వినబడితే ఆ గొంతు తర్జుమా చెయ్యడం ఇంటర్‌ప్రెటర్ల అలవాటు. మిగతా బూత్‌లన్నీ అప్పటికే అందుకున్నాయి. దుబాసీ మైకు ఒక్కటే మూగగా ఉంది. హెడ్‌ఫోన్‌లో ఏమీ వినబడక, ఆవిడ తర్జుమా మీద ఆధారపడే డెలిగేట్లు వెనక్కి తిరిగి అద్దంలోంచి చూస్తున్నారు.

"చెప్పండి మేడమ్," అన్నాడు గ్రీజు. "మీవాళ్లు ఎదురుచూస్తున్నారు."

అన్ని కళ్లూ తన మీదే ఉండడంతో పిస్తోలు ఒళ్లో పెట్టుకుని ఆవిడ తర్జుమా చేసింది. చక్కగా చేసింది.

రెండొందల మంది ఒక్కసారి పేజీలు తిప్పిన చప్పుడు. సుత్తి కాసేపు గాల్లో ఆగి, చప్పుడు లేకుండా బల్ల మీదికి దిగింది. గ్రీజు కటింగ్ ప్లయర్‌తో పిస్తోలు పట్టుకుని బ్యాగ్‌లో పడేశాడు. డైరెక్టర్ మనుషులు తలుపు తీశారు.

*

పన్నెండూ ముప్ఫైకి ఒప్పందం గట్టెక్కింది. గ్రీజు మెట్ల మీద కూర్చుని ఫోన్ చెవికి ఆనించుకున్నాడు. లైను ఇంకా తెగలేదు.

"విన్నారా బావా?"

"విన్నారు. రిపోర్ట్ చించేశారు."

"నాన్నకి చెప్పావా?"

అతను చెప్పాడు. ఎట్లా చెప్పాడో తర్వాత తనకే గుర్తులేదు. టీ సంగతి, ఏడున్నర సంగతి, ఆర్డర్ సంగతి. అవతల నుంచి బెలూన్ రబ్బరు గాలికి టపటపలాడడం వినబడింది. ఆమె ఏడ్చిందో, తిట్టడానికి మాటలు వెతుక్కుందో తెలియలేదు.

"నాతో అబద్ధమాడావు," అంది చివరికి.

"ఆడాను."

"ఇంటికి రా, నీ సంగతి చెప్తాను." ముక్కు చీదుకుంది. "నలభై ఏళ్లలో నాన్నకి మైకెప్పుడూ చివర్లోనే ఇచ్చేవాళ్లు బావా, భోజనాలకి అందరూ లేచిపోయే టైముకి. ఇవాళ మాత్రం ఆయన మాట ఖాళీ కడుపులతో కూర్చుని విన్నారన్నమాట."