తాత చేతులు లేని ఫ్లెక్సీ

“పాపా, ఈ ఫోటోల మీ తాత మెడ వరకే ఉన్నడు. కింద ఏం పెట్టాలె?”

కామారెడ్డి స్టేషన్ రోడ్డులోని ఫ్లెక్సీ దుకాణంలో, కంప్యూటర్ ముందు కూర్చున్న అన్న అడిగాడు. చందన దగ్గరికి జరిగి చూసింది. తెర మీద లింబాద్రి తాత ముఖం ఉంది. పింఛను కాగితాల కోసం తీయించిన చిన్న ఫోటో అది. తాత అందులో నవ్వలేదు. ఫోటో తీసేది ఎవరైనా సరే, వాళ్ల ముందు అటెన్షన్‌లో నిలబడడం ఆయనకు మిలిటరీ నేర్పిన అలవాటు.

మరునాడు తాత మొదటి వర్ధంతి. ఎల్లారెడ్డిలోని తమ ఇంటి ముందు ఫ్లెక్సీ కట్టించాలని చందన తండ్రి అనుకున్నాడు. పూజ సామాను కోసం బజారుకు వెళ్తూ, ఆరో తరగతి చదువుతున్న కూతురికి ఆ పని అప్పగించాడు.

“అక్షరాలల్ల తప్పు పోకుండ నువ్వే చూడు, బిడ్డా. నీ మీదనే ఇడిచిపెట్టి పోతున్న,” అన్నాడు.

“బాడీ పెట్టాల్నా?” దుకాణం అన్న మళ్లీ అడిగాడు. “సూటు ఉన్నది. తెల్ల బట్టలున్నయి. మిల్ట్రీ డ్రెస్సు గూడ ఉన్నది, గన్నుతోని.”

ఆ మాట వినగానే చందనకు సాయికిరణ్ గుర్తుకు వచ్చాడు. పక్కింటి పిల్లవాడు, తనతోనే చదువుతున్నాడు. “నట్లు తిప్పే పానాలు పట్టుకునేటోడు మిల్ట్రీ ఎట్లయితడే? మీ తాత ఆడ గూడ మెకానిక్కేనట గద!” అని అతడు బడిలో అందరి ముందు నవ్వాడు. అందరూ నవ్వారు.

“గన్నుదే పెట్టు అన్నా,” అంది చందన. “పెద్దది.”

అన్న మౌస్ కదిలించాడు. తాత మెడ కింద వెడల్పాటి ఛాతీ వచ్చి చేరింది. రెండు బలమైన చేతులు వచ్చాయి. వాటిలో తుపాకి వచ్చింది. వెనక మంచుకొండలు, వాటి మీద మంటలు కూడా వచ్చాయి.

తండ్రి తిరిగి వచ్చేసరికి ఫ్లెక్సీని చుట్టి దారం కట్టేశారు. చందన దాన్ని బస్సులో మోకాళ్ల మధ్య నిలబెట్టుకుంది. సాయికిరణ్ ముఖం ఎలా మారిపోతుందో ఊహించుకుంటూ ఎల్లారెడ్డిలో దిగింది.

సాయంత్రం ఇంటి ముందు రెండు గుంజలకు ఫ్లెక్సీ కట్టారు. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. సాయికిరణ్ అయితే నోరు తెరిచి నిలబడిపోయాడు.

“అబ్బ! మీ తాత ఎంతమందిని కాల్చిండే?”

“చానామందిని,” అంది చందన.

అప్పుడే తాత భార్య భూదేవి అవ్వ బయటికి వచ్చింది. ఆమె ఒడిలో మరునాటి దండ కోసం తెంపిన బంతిపూలు ఉన్నాయి. ఆమె ఫ్లెక్సీ ముందు ఆగి, పైనుంచి కింది దాకా చూసింది.

“ఎవరీయన?”

“అమ్మా, కండ్లద్దాలు పెట్టుకోలేదా ఏంది?” అన్నాడు చందన తండ్రి. “నాయినే గదా!”

“మొఖం మీ నాయినదే. మెడ కింద ఎవడు?”

అవ్వ ఫ్లెక్సీకి ఇంకా దగ్గరగా జరిగింది.

“ఆ చేతులు చూడు, ఎంత నున్నగున్నయో! గోర్ల సందుల నలుపు ఏది? కుడిచేతి బొటనవేలికి గోరు ఉన్నది. మీ నాయినకు ఉండెనా?” అవ్వ పూలను ఒడిలోనే గట్టిగా పట్టుకుంది. “రేపు ఈయనకు నేను దండ వెయ్య. పరాయి మనిషికి నేనెందుకు వేస్త?”

ఆమె లోపలికి వెళ్లి గడప దగ్గర కూర్చుంది.

తండ్రి అప్పుడు ఫ్లెక్సీ వైపు సరిగ్గా చూశాడు. ఆయన ముఖం ఎర్రబడింది. “ఆ దుకాణపోడు ఇష్టమొచ్చినట్టు చేసి పెట్టిండు. ఫోన్ చేసి చెప్త వాని సంగతి!” అంటూ జేబులోంచి సెల్‌ఫోన్ తీశాడు.

చందన తండ్రి చేతిలోని ఫోన్ వైపు చూసింది. తాను నోరు మెదపకుంటే చాలు, విషయం అక్కడితో ముగుస్తుంది. తిట్లు తినే మనిషి ఎక్కడో కామారెడ్డిలో ఉన్నాడు. కానీ ఆ అన్న రెండుసార్లు అడిగాడు. అడగకుండా ఏదీ పెట్టలేదు.

“బాపూ, ఫోన్ చెయ్యకు. ఆ అన్న నన్ను అడిగిండు. నేనే పెట్టమన్న.”

తండ్రి చెయ్యి కిందికి దిగింది. “ఎందుకు?”

“తాత ఉట్టి మెకానిక్కేనని బడిల అందరు నవ్వుతున్నరు.”

“ఇటు రా,” అని గడప దగ్గరినుంచి అవ్వ పిలిచింది. “కూసో.”

చందన కూర్చుంది. అవ్వ బంతిపూలను చేటలో పోసింది.

“తుపాకి పట్టుడు ఆయనకు గూడ నేర్పిండ్రు. మిల్ట్రీల అందరికీ నేర్పుతరు. కని ఆయన పని బండ్లు బాగు చేసుడు. ఒకనాడు మంచుకొండల మీద లారీ ఆగిపోయిందట. లోపల దెబ్బలు తాకిన సిపాయిలున్నరు. చేతులకు తొడుగులుంటె చిన్న బోల్టు పట్టు దొరకలేదట. తీసి పారేసిండు. గంత చలిల ఇనుము తోలుకు అంటుకుంటది. గుంజితె తోలు ఊడి వస్తది. అది తెలిసే పట్టిండు. లారీ కదిలింది, లోపలోళ్లు దవాఖానకు చేరిండ్రు. ఆ గోరు మాత్రం మల్ల రాలేదు.”

“నాకెప్పుడూ చెప్పలేదు!” అంది చందన.

“నువ్వు ఎప్పుడన్న అడిగినవా?”

చందన తల దించుకుంది. ఆమెకు తాత చేతులు గుర్తుకు వచ్చాయి. ఆయన కామారెడ్డిలోని తన మెకానిక్ షెడ్డు మూసి సాయంత్రం బస్సు దిగి వచ్చేవాడు. ఇంట్లోకి రాకముందే బావి దగ్గర కూర్చుని, చేతులకు కిరోసిన్ రాసి, కర్రపొట్టుతో రుద్ది, సబ్బుతో కడిగేవాడు. అంత కడిగినా డీజిల్ వాసన పోయేది కాదు. అన్నానికి కూర్చున్నప్పుడు మిలిటరీ హాజరులా ఒక్కొక్కరి పేరు పిలిచేవాడు. అందరూ “హాజిర్!” అనాలి. చందన ఒకసారి పళ్లెం ముందు కూర్చునే నిద్రపోతే, ఆమె బదులు తానే సన్నని గొంతుతో “హాజిర్” అని, ఆ గోరులేని వేలితో ఆమె ముక్కు మీద తట్టి లేపాడు. ఆ వాసన ఇప్పుడు ఇంట్లో ఎక్కడా లేదు.

“సచ్చిపోయినోడు లేచి వచ్చి, ‘ఇది నేను కాదు’ అని చెప్పలేడు,” అంది అవ్వ. “మనమే చెప్పాలె.”

తెల్లవారగానే చందన తండ్రి దగ్గరికి వెళ్లింది. “బాపూ, ఫ్లెక్సీ విప్పుదాం.”

“చింపేద్దామా?”

“వద్దు. తిప్పి కడుదాం. వెనుక తెల్లగ ఉంటది.”

తండ్రి కూతురి ముఖంలోకి ఒకసారి చూశాడు. తాళ్లు విప్పి, ఫ్లెక్సీని తిప్పి కట్టాడు. గేటుకు వేయగా మిగిలిన నల్ల పెయింటు, కుంచె తెచ్చి ఇచ్చాడు. చందన స్టూలు ఎక్కి రాసింది. చుట్టాలు వచ్చేవేళకు రాయడం పూర్తయింది.

అవ్వకు చదువు రాదు. “ఏం రాసినవో గట్టిగ చదువు,” అంది.

చందన అందరి ముందు నిలబడి చదివింది.

“హవల్దార్ లింబాద్రి. మిలిటరీలో లారీలు బాగు చేశాడు. గాయపడినవాళ్ల లారీ మంచులో ఆగిపోతే ఒట్టి చేతులతో బాగు చేశాడు. కామారెడ్డిలో మెకానిక్‌గా పనిచేశాడు. నిన్న ఇక్కడ కట్టిన తుపాకి బొమ్మ నిజం కాదు. దాన్ని పెట్టించింది నేనే. ఆయన మనవరాలు, చందన.”

చివరి మాటలు ఇంకా నెమ్మదిగా చదివింది. ఒక్కటీ వదిలిపెట్టలేదు.

అవ్వ, అద్దం కట్టించిన తాత చిన్న ఫోటోను తెచ్చి, ఆ అక్షరాల కింద పీట మీద నిలబెట్టింది. కొంగుతో అద్దం తుడిచింది. బంతిపూల దండ వేసింది.

రామారెడ్డి ఊరి నుంచి వచ్చిన ముసలి లారీ డ్రైవర్ మైసన్న ముందుకు వచ్చాడు. “బిడ్డా, నాదొక మాట రాస్తవా? దసరానాడు రోడ్డు మీద నా లారీ ఆగిపోయింది. కబురు పంపితె, తినే అన్నం ఇడిచిపెట్టి వచ్చిండు లింబాద్రన్న.”

చందన కుంచె ఎత్తింది. మళ్లీ ఆగింది. “మీరు మీ కండ్లతోని చూసిండ్రా?”

మైసన్న పకపకా నవ్వాడు. “లారీ నాది! నేను చూడకుంటె ఎవలు చూస్తరే?”

చందన రాసింది. ఆ తర్వాత మరో ఇద్దరు వచ్చి చెప్పారు. వాళ్లను కూడా అదే ప్రశ్న అడిగి రాసింది.

సాయికిరణ్ గుంజ పక్కనే నిలబడి అంతా చూస్తున్నాడు. “గన్ను బొమ్మనే మస్తుండె,” అన్నాడు. “పోనీ, మీ తాత ఒక్కడే లారీని ఎత్తిండని రాయి.”

“నువ్వు చూసినవా?”

“లేదు. రాస్తె అందరు నమ్ముతరు గదా!”

“అందుకే రాయ.”

సాయికిరణ్ కాసేపు మట్టిలో కాలి బొటనవేలితో గీతలు గీశాడు. తర్వాత చిన్న గొంతుతో అన్నాడు:

“మరి... నాకు పాత బేరింగులిచ్చిండు, బండి చేసుకొమ్మని. దాని చక్రం వంకర పోతుంటె, నేను అడగకముందే పిలిచి సక్కగ చేసిండు. అది నేను చూసిన.”

చందన కుంచెను పెయింటులో ముంచింది. “జర పక్కకు జరుగు, నీడ పడుతున్నది,” అని, కింద మిగిలిన తెల్లని చోట ‘సాయికిరణ్ చెప్పినది’ అని రాయడం మొదలుపెట్టింది.