తీర్పరి చూడని తాకిడి

ఎస్తేరు చేతులు చాపి నిలబడింది. తలుపు చట్రంలోని కాంతి ఆమె చొక్కా కఫ్‌లనూ, క్యూ కర్రనూ, చివరికి గోళ్లనూ తడిమి చూసి పచ్చగా మారింది. ఇక లోపలికి వెళ్లవచ్చు. లోపలంతా తీర్పరి యంత్రమే: బల్లమీది స్పర్శపటంలో, పైకప్పులో, గాలిలో. అది వచ్చాక విశాఖ స్నూకర్ హాల్లో రిఫరీలు పోయారు, తగాదాలు పోయాయి, "ఫౌల్ నాది" అంటూ ఆటగాడు తనే చెయ్యెత్తే పాత మర్యాద కూడా పోయింది. చూసే కన్ను ఉండగా చెప్పే నోరెందుకన్నారు పెద్దలు.

ఎస్తేరుకు పంతొమ్మిదేళ్లు. ఈ అర్హత పోటీలో ఇప్పటికి రెండుసార్లు చివరి మెట్టు మీద జారిపడింది. ఈసారి గెలిస్తే వృత్తి ఆటగాళ్ల శ్రేణి కార్డు వస్తుంది. ఓడితే వయసు దాటిపోయి ఆ తలుపు ఇక తెరుచుకోదు. అందుకే పొద్దున్నుంచి మొండిపట్టుతో ఆడి, తనకు రెట్టింపు వయసున్న దివాకరాన్ని చివరి ఫ్రేమ్‌దాకా లాక్కొచ్చింది.

బల్లమీద పింక్, బ్లాక్ మిగిలాయి. ఎస్తేరు పది పాయింట్లు వెనకబడి ఉంది; రెండూ వేస్తే పదమూడు, గెలుపు. ఎస్తేరు బాగా వంగి, బ్లాక్ మీదుగా చెయ్యి చాపి పింక్‌ను కొట్టింది. అది నేరుగా బల్ల జేబులోకి దిగింది. హాలు హోరెత్తింది. తెల్లబంతి వెళ్లి బ్లాక్ ఎదుట బుద్ధిగా ఆగింది. ఇక కళ్లు మూసుకుని కొట్టినా పడుతుంది.

కానీ ఎస్తేరు కదల్లేదు. వంగినప్పుడు కఫ్ అంచు బ్లాక్‌ను రాసుకుంది. బంతి జరగలేదు, వణకనూ లేదు. ఆమె మణికట్టుకు మాత్రం తెలిసింది.

"ఫౌల్," అంది. "బ్లాక్‌కి నా కఫ్ తగిలింది."

"తాకిడి నమోదు కాలేదు," అంది తీర్పరి. "ఆట కొనసాగించండి."

"తగిలింది."

"తాకిడి నమోదు కాలేదు." తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నట్టుంది దాని వరస.

చిన్నప్పుడు ఆమె చేతికి క్యూ ఇచ్చిన పరంజ్యోతి మాస్టారు బల్లదాకా పరుగెత్తుకొచ్చాడు.

"ఏటమ్మా ఇది? నోటికాడి కూడు కాలదన్నుకుంటావా? దానికే కనపళ్లేదంటే ఇంకెవుడిక్కావాల?"

"నాకు తెల్సింది కదా మాస్టారూ."

"ఫౌలంటే ఏడు పాయింట్లు ఆడికెళ్తాయి. పింక్ మళ్లీ బల్లెక్కుతాది. కార్డు పోద్ది, తర్వాత ఏడ్సినా రాదు!"

"ఏడుస్తాను. ఇంటికెళ్లి ఏడుస్తాను." ఆ కార్డు మీద ఆమెకున్నంత ఆశ ఆ హాల్లో ఇంకెవరికీ లేదు. "కానీ ఈ బ్లాక్ నేను కొట్టను."

వెళ్లి తన కుర్చీలో కూర్చుంది. స్నూకర్‌లో కూర్చున్నారంటే వంతు ఎదుటివారిదని అర్థం.

ఒక్కో దెబ్బకు తీర్పరి ఇచ్చే గడువు తీరింది. "ఎస్తేరు: ఆట నిరాకరణ. మ్యాచ్ ముగిసింది." బోర్డు మీద ఆమె పేరు ఆరిపోయింది. ఆమె లేవలేదు.

దివాకరం బోర్డు వైపు చూడనే లేదు. "నిజంగా తగిలిందా అమ్మా?"

"తగిలిందండి."

"అయితే వంతు నాది." బల్ల జేబులోంచి పింక్ తీసి దాని చుక్క మీద పెట్టాడు.

"మ్యాచ్ ముగిసింది," అంది తీర్పరి.

"నీకు ముగిసింది. మాకింకా రెండు బంతులున్నాయి," అన్నాడతను. కొట్టాడు. పింక్ జేబు తప్పి పక్కకు పోయింది.

ఎస్తేరు లేచింది. ఇప్పుడు తను పదిహేడు పాయింట్లు వెనక, బల్లమీద ఉన్నవి పదమూడే. అతని చేత తప్పు చేయిస్తే తప్ప దారి లేదు. క్యూ కొసకు సుద్ద రాసుకుని, పింక్‌ను తాకీ తాకనట్టు కొట్టి, అతనికి పింక్ సూటిగా అందకుండా తెల్లబంతిని బ్లాక్ చాటుకు చేర్చింది. ఏ లెక్కలోకీ రాని ఆటను ఆమె గెలవడానికే ఆడుతోంది.

పక్క బల్ల దగ్గర, గెలుపు దెబ్బకు వంగిన ఆటగాడొకడు మెల్లగా నిటారయ్యాడు. కాసేపు తన వేళ్ల వైపు చూసుకుని చెయ్యెత్తాడు.

"ఫౌల్. నాదే."

"తాకిడి నమోదు..." అని మొదలుపెట్టి తీర్పరి ఆగిపోయింది. హాల్లో అందరూ అతని చేతినే చూస్తున్నారు.