మైపాడు అలల్లో వెన్నెల చెయ్యి

ఆదివారం సాయంత్రం మైపాడు బీచ్ సందడిగా ఉంది. సరుగుడు చెట్ల కింద జనం క్యారియర్లు విప్పుకుని కూర్చున్నారు. బండ్ల మీద వేగుతున్న చేపల వాసన, దాని వెనకే ఉప్పుగాలి. హైదరాబాదు హాస్టల్ నుంచి సెలవులకు వచ్చిన చెల్లెలు వెన్నెలకు సముద్రం చూపిద్దామని, భానుప్రియే నెల్లూరు నుంచి కారు నడుపుకుంటూ తీసుకొచ్చింది.

"లోపల లాగుడుగా ఉందమ్మా. మోకాళ్ళు దాటి పోబాకండి," అన్నాడు ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ముసలాయన.

"ఇంకొంచెం పోదాం అక్కా!"

భానుప్రియ నవ్వి, చెల్లెలి ఎడమచెయ్యి పట్టుకుని ముందుకు నడిచింది.

పొద్దు వాలింది. నీళ్ళు నల్లబడ్డాయి. నడుము దాకా వచ్చిన అల వెనక్కి మళ్ళుతూ కాళ్ళ కింది ఇసుకను లాక్కుపోయింది. ఇద్దరూ మునిగారు. నోట్లో, ముక్కులో ఉప్పునీళ్ళు. చేతిలో వెన్నెల బరువు. ఇంకాసేపు పట్టుకుంటే తానూ పోతుంది...

భానుప్రియ వేళ్ళు విప్పింది.

చెయ్యి జారలేదు. తనే వదిలింది.

ఎలాగో ఒడ్డుకు పాకి వెనక్కి, నీళ్ళవైపు చూసింది. ఎవరూ లేరు. అరుద్దామని నోరు తెరిచింది.

అప్పుడు... నురగలోంచి వెన్నెల లేచింది. ఎడమచెయ్యి ముందుకు చాచి, ఎవరో లాక్కొస్తున్నట్టు తూలుతూ వస్తోంది. ఆమె ముందు ఎవరూ లేరు.

భానుప్రియ పరుగెత్తి చెల్లెల్ని వాటేసుకుంది.

"నువ్వుండబట్టి బతికినానక్కా," వెన్నెల వణుకుతూ గుసగుసలాడింది. "మునిగిపోతా ఉన్నా నా చెయ్యి వదల్లేదు నువ్వు."

వదిలేశానే... అన్న మాట నోటిదాకా వచ్చింది. భానుప్రియ దాన్ని మింగేసి, చెల్లెలి తడి జుట్టు నిమిరింది.

తిరుగుదారిలో చీకటి పడింది. రెండు పక్కలా రొయ్యల చెరువులు. బురద వాసన.

"అక్కే కాపాడిందని అమ్మకు చెప్తా," అంది వెన్నెల, పక్క సీట్లో కళ్ళు మూసుకుని.

"వద్దులే... చెప్పబాక."

"ఎందుకు?"

భానుప్రియ కారు వేగం పెంచింది. ఇప్పుడైనా చెప్పేయాలి. ఇప్పుడే...

కాసేపటికి వెన్నెల ముఖం చిట్లించింది.

"అక్కా... ఇంక చెయ్యి వదులు. నొప్పిగా ఉంది."

భానుప్రియ రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నాయి.

వెన్నెల ఎడమచెయ్యి మాత్రం, మూసి ఉన్న కారు తలుపు వైపు... మెల్లగా... సాగిపోతోంది.