ఫైలకా గట్టు మీది పిలుపు

పొద్దు గుంకాక ఫైలకా దీవిలో ఆ ఇంటి ముందు నుంచి ఎవరూ నడవరు.

కువైట్ ఒడ్డు నుంచి బోటులో గంట ప్రయాణం ఆ దీవి. బోటు దిగే గట్టుకు ఒక పక్క ఈతకు పనికొచ్చే తెల్లటి ఇసుక. ఇంకో పక్క రెండు వేల మూడు వందల ఏళ్ల నాటి గ్రీకుల కోట, కూలిపోగా మిగిలిన రాళ్లు. గట్టు నుంచి కోటకు పోయే దారిలో ఉంది ఆ ఇల్లు. తొంభైలో యుద్ధం వచ్చి దీవి జనం ఖాళీ చేసి పోయినప్పుడు పాడుబడింది. గోడల నిండా తూటాల చిల్లులు... తలుపు లేని వాకిలి... లోపల పట్టపగలే చీకటి.

మసక పడే వేళకు అటు నుంచి ఒక ఆడగొంతు పిలుస్తుందట — "మామా... మామా..."

మేనమామను కాదు. కువైట్‌లో ఇళ్లల్లో పనిచేసే మన ఆడవాళ్లు ఇంటి యజమానురాలిని పిలిచే పిలుపు అది.

ఎవరో పనిమనిషట. ఏ ఇంటివాళ్లతోనో విహారానికి వచ్చి, మళ్లీ బోటెక్కలేదట. సముద్రంలో పడిందని కొందరు, ఆ ఇంట్లోనే ప్రాణం పోయిందని కొందరు. ఆ యజమానులు మాత్రం పారిపోయిందని కేసు పెట్టి చేతులు దులుపుకున్నారు. పనిమనిషి కనపడకపోతే ముందు పారిపోయిందనే రాస్తారు. బతికుందో చచ్చిందో చూసొద్దామని వెతికిన పాపాన ఎవడూ పోడు!

ఆ పిలుపు వినపడితే పలకకూడదు... వెనక్కి తిరగకూడదు. కువైట్‌లో రుమైథియా నుంచి జహ్రా దాకా కారు నడిపే ప్రతి తెలుగువాడికీ ఈ సంగతి తెలుసు.

వెంకటేశ్వరికి తెలియదు. ఆమెకు చెప్పినవాడు అబ్దుల్ బాసిత్.

వెంకటేశ్వరిది రాయచోటి దగ్గర పల్లె. రుమైథియాలో ఒకే ఇంట్లో నాలుగేళ్లుగా పని. బాసిత్‌ది రాయచోటి టౌనే, నలభై దాటిన మనిషి. విహారాలకు తిప్పే బోటులో తాళ్లు కట్టడం, టీలు అందించడం అతని పని.

మార్చి నెలలో ఒక శుక్రవారం. వెంకటేశ్వరి యజమానురాలు మామా, ఆమె ఇద్దరు పిల్లలు, ఇంకో నలభై మంది ఆ బోటెక్కి దీవికి వచ్చారు. పొద్దున గ్రీకుల కోట చూడటం, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం దాకా ఈత. టికెట్టు కొన్న ప్రతివాళ్ల మణికట్టుకూ ఒక నీలం పట్టీ చుట్టారు. భోజనం పెట్టేది ఆ పట్టీ చూసి. సాయంత్రం మనుషులను లెక్కపెట్టుకునేదీ ఆ పట్టీ చూసే.

వెంకటేశ్వరికి పట్టీ లేదు.

"ఆమెకెందుకు? ఆమె నాతో వచ్చిన మనిషి," అంది మామా.

రెండు సంచులు, మంచు డబ్బా, మడత కుర్చీ, చంటిదాని గొడుగు — అన్నీ మోస్తున్న మనిషి వెంకటేశ్వరి. మనిషిని పెట్టుకున్నాక ఆ మనిషికి టికెట్టు కొనాలన్న ఆలోచన మామాకు రానే లేదు.

 వెంకటేశ్వరికి ఇంకో పదకొండు రోజుల్లో ఊరికి పోయే సెలవు. నాలుగేళ్ల కష్టంతో ఊళ్లో రెండు గదుల మిద్దె వేయించింది. ఫోన్లో చూడటమే గానీ, ఆ గోడ మీద చెయ్యి పెట్టి ఎరగదు. పెళ్లాం వస్తేనే గృహప్రవేశమని మొగుడు పెంచల్ ఇప్పటికే రెండు ముహూర్తాలు దాటేశాడు. పాస్‌పోర్టు మామా బీరువాలో ఉంది. మామా సరేనంటేనే విమానం. అందుకే అన్నీ పళ్ల బిగువున ఓర్చుకుంటోంది.

కోటలో గైడు ఒక రాయి చూపించి గొంతు పెంచాడు. ఎవరో గ్రీకు సైనికుడు సముద్రం నుంచి ప్రాణాలతో బయటపడ్డానని దేవుళ్లకు మొక్కు తీర్చుకుని, తన పేరు చెక్కించుకున్నాడట. అందరూ ఆహా అన్నారు, ఫొటోలు తీసుకున్నారు. వెంకటేశ్వరి గొడుగు పట్టుకుని ఎండలో నిలబడింది.

భోజనాల దగ్గర పట్టీ ఏదని అడిగి పక్కకు జరిపేశారు. మామా చూసింది. చూసి, పిల్లవాడి నోట్లో కబాబు ముక్క పెట్టింది.

వెంకటేశ్వరి బోటు వెనక భాగంలో కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బా విప్పింది. ఖుబ్జు రొట్టె, పొద్దున్నే లేచి చేసుకున్న ఊరిబిండి పచ్చడి. వేయించిన వేరుశనగల వాసనకు తాళ్లు చుట్టుకుంటున్న బాసిత్ తలెత్తాడు.

"ఊరిబిండా మ్మే! ఎన్నేండ్లయ్యిందో తిని."

"తీసుకోన్నా. ఈడ మనకు పెట్టేటోళ్లు యాడుండారు, మనమే పెట్టుకోవల్ల."

సగం అతనే తిన్నాడు. ఎల్లిపాయ కొంచెం ఎక్కువైందని వంక కూడా పెట్టాడు. తర్వాత ఆ ఇంటి వైపు గడ్డంతో చూపించి, గొంతు బాగా తగ్గించాడు.

"నేను రెండు మాట్లు ఇన్నా. మామా అంటాది... మనుషుల్ని పేరు పెట్టి గూడా పిలుస్తాదంట. చెవులు మూసుకోని కల్మా సదువుకుంటా లోపలికి పోయినా."

"పలికుంటే?"

"పలికినోడు బాగుపడింది లేదు. పొద్దు వాలినాక అటు పోబాకు."

ఆమె నవ్వి ఊరుకుంది. ఎండలో నిలబడి నిలబడి కాళ్లు గుంజుతున్నాయి, దెయ్యం సంగతి ఎవరికి కావాలి?

మధ్యాహ్నమంతా ఈతలు. నీళ్లు పచ్చగా, అడుగున ఇసుక కనపడేంత తేటగా ఉన్నాయి. వెంకటేశ్వరి పాదాల దాకా దిగింది. "దిగొద్దు, నీ బట్టలు తడిస్తే నా కారు సీటు పాడవుతుంది," అని మామా కేకేసింది. తువ్వాళ్లు భుజాన వేసుకుని మళ్లీ ఇసుకలోకి నడిచింది.

అయిదున్నరకు అందరూ బోటెక్కే వేళ — పిల్లవాడి నల్ల కళ్లద్దాలు లేవు. పొద్దున కోటలో ఏదో రాయి మీద పెట్టి మరిచిపోయాడు. ఏడుపు లంకించుకున్నాడు.

"పోయి తీసుకురా. యల్లా, తొందరగా!" అంది మామా. "నువ్వొచ్చేదాకా బోటు కదలదు. నేను చెప్తాను."

వెంకటేశ్వరి పరిగెత్తింది. ఆ ఇంటిని దాటింది. కోట రాళ్ల మధ్య నాలుగు మూలలూ వంగి వంగి వెతికింది. చివరికి ఒక అరుగు సందులో దొరికాయి. చేతిలోకి తీసుకుందో లేదో...

బోటు కూత వేసింది.

మళ్లీ పరుగు. పొద్దు నీళ్లలో దిగిపోయింది. ఆ ఇంటి వాకిలి ఎదురైంది — లోపల నల్లగా... నిశ్శబ్దంగా... ఎవరూ పిలవలేదు. ఆమె ఆగలేదు.

గట్టు చివరికి వచ్చేసరికి బోటు కదిలిపోయి ఉంది. మధ్యలో వంద బారల నీళ్లు.

మామా వీపు కనపడుతోంది. ఫోను చూసుకుంటోంది.

 రేపు పొద్దుటికల్లా వెంకటేశ్వరి పారిపోయిందని కేసు రాసేస్తారు. జైలు... ఆ తర్వాత మళ్లీ రాకుండా వేలిముద్రలు తీసుకుని దేశం నుంచి పంపించేస్తారో, నెలల తరబడి కూర్చోబెడతారో. పదకొండు రోజులు కాదు, ఎన్ని నెలలకు ఆ మిద్దె గడప తొక్కుతుందో!

మామా అని పిలవాలి. నాలుగేళ్లుగా రోజుకు వందసార్లు పిలిచిన పిలుపు. నోటిదాకా వచ్చింది... వచ్చి ఆగిపోయింది.  పిలవను. చచ్చినా దాన్ని పిలవను!

"బాసితన్నా!" అని అరిచింది. "ఓ బాసితన్నా!"

బోటు వెనక తాళ్లు చుడుతున్న మనిషి తలెత్తాడు. మసకలో, ఆ పాడు ఇంటికి ముందు, నల్ల గౌను వేసుకుని చేతులు ఊపుతున్న ఆడ ఆకారం. పేరు పెట్టి పిలుస్తున్న గొంతు.

బాసిత్ రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. గిరుక్కున వెనక్కి తిరిగాడు.

వెంకటేశ్వరికి సంగతి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. అర్థమయ్యాక ఒళ్లంతా భగ్గుమంది. బోట్లో ఉన్నవాళ్లకు తను మనిషి కాదు. అక్కడ ఉన్నప్పుడు పనిమనిషి, ఇక్కడ దెయ్యం!

"ఒరే బాసితూ! నీ జిమ్మడ! బతికుండే దాన్నిరా నేను, వెంకటేశ్వరిని! మద్యానం నా ఊరిబిండి సగం నాకినావు గదరా! దెయ్యం ఊరిబిండి నూరుతాదారా? ఎల్లిపాయ ఎక్కువైందని వంక గూడా పెడితివి గదరా ఎదవా! తిప్పరా బోటు!"

నీళ్ల మీద ఆ కేక సాగిపోయింది. బాసిత్ చేతులు చెవుల మీది నుంచి మెల్లగా దిగాయి. ఇంకోసారి తిరిగి చూశాడు. అప్పుడు పరిగెత్తాడు కెప్టెన్ దగ్గరికి.

బోటు మలుపు తిరిగి గట్టుకు వచ్చింది. వెంకటేశ్వరి ఎక్కింది.

"పట్టీలు లెక్కపెట్టాం, సరిపోయాయి," అన్నాడు కెప్టెన్ హిందీలో.

ఆమె బోసిగా ఉన్న మణికట్టు అతని ముఖం ముందు పెట్టింది. "పట్టీ లేదు. చెయ్యి ఉంది కదా, కనపడలేదా?"

అతను తల దించుకున్నాడు. మామా మాత్రం ఫోను పక్కన పెట్టి చెయ్యి చాచింది.

"ఎందుకింత ఆలస్యం? కళ్లద్దాలు దొరికాయా?"

వెంకటేశ్వరి ఆ కళ్లద్దాలు ఆమె ఒళ్లో పడేసింది.  బోటు వెనక్కి పోయి కూర్చుంది. 

ఇంజను మళ్లీ అందుకుంది. గట్టు దూరమవుతోంది. బాసిత్ నీళ్ల సీసా పట్టుకుని వచ్చి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"తప్పయిపోయింది చెల్లెమ్మా. నువ్వట్లా మామా మామా అని ఒగటే పనిగా పిలుస్తాంటే... మాకందరికీ గుండెలు జారిపోయినాయి."

సీసా మూత తిప్పుతున్న ఆమె చెయ్యి ఆగింది.

"నేను మామా అన్లేదన్నా."

"అదేంది... బోటు కదిలిన కాన్నుంచి ఇంటాండామే?"

"ఒగ మాటు గూడా అన్లేదు. నీ పేరు పిలిచినా. నిన్ను తిట్టినా. అంతే."



అప్పుడు వినపడింది.

"మామా..."

సన్నగా... అలిసిపోయి... ఇప్పుడే తను నిలబడి వచ్చిన గట్టు చివరి నుంచి. గట్టు మీద ఎవరూ లేరు.

"మామా... మామా..."

 పిల్లలు తల్లుల ఒళ్లలో ముఖాలు దాచుకున్నారు. ఎవరో ప్రార్థన మొదలుపెట్టారు. కెప్టెన్ వేగం పెంచాడు. అందరూ ఎదురుగా కువైట్ దీపాల వైపే చూస్తున్నారు, ఒక్క తల వెనక్కి తిరగలేదు.

వెంకటేశ్వరి లేచి నిలబడింది.

మామా వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. మామా చెయ్యి చల్లగా ఉంది. "కూర్చో. పలికావంటే నీ సెలవు ఖలాస్. పాస్‌పోర్టు ఇవ్వను. వింటున్నావా?"

వింటోంది. ముహూర్తం, మామిడాకులు కట్టించుకోని ఆ వాకిలి, చెయ్యి పెట్టి ఎరగని ఆ గోడ... అన్నీ కళ్ల ముందు తిరిగాయి. ఒక్కసారి కూర్చుంటే చాలు, అన్నీ దక్కుతాయి. నిజంగానే కూర్చోబోయింది.

"మామా..."

తను ఆ గట్టు మీద నిలబడింది కాసేపే. ఆ కాసేపటికే గుండె పగిలింది. ఈ మనిషి ఎన్ని సాయంత్రాలు నిలబడిందో! ఎన్ని బోట్లు పోయాయో... ఎంతమంది చెవులు మూసుకున్నారో. అందులో మనవాళ్లు ఎంతమందో! దెయ్యమట, దెయ్యం! వదిలేసి పోయినవాళ్లు ఇళ్లల్లో సుఖంగా అన్నం తింటున్నారు, దెయ్యమన్న పేరు మాత్రం దీనికి!

వెంకటేశ్వరి చెయ్యి విదిలించుకుంది.

"బాసితన్నా, ఆ ఇంజను ఆపు."

అతను కెప్టెన్‌ను చూశాడు. మామాను చూశాడు. ఏమనుకున్నాడో, లోపలికి నడిచాడు. కాసేపటికి ఇంజను ఆగింది. ముందు నుంచి కేకలు లేచాయి. బాసిత్ తాళంచెవి గుప్పిట్లో బిగించుకుని వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

నీళ్లు బోటు పక్కలకు తగులుతున్న చప్పుడు. 

వెంకటేశ్వరి కటకటాలు పట్టుకుని, గొంతంతా పెట్టి అరిచింది.

"ఓయ్! ఇనపడతాండాది మ్మా, ఇనపడతాండాది! ఎవురు నువ్వు? నీ పేరేంది? యా ఊరు మీది?"

పిలుపు ఆగిపోయింది.

  వెనక నుంచి మామా "ఖలాస్! నీ సెలవు ఖలాస్!" అంటూనే ఉంది.

అప్పుడు చీకట్లో నుంచి, నిదానంగా, అచ్చం రాయచోటి సంతలో వినపడే యాసలో...

"ఓబులమ్మ..."

వెంకటేశ్వరి ఫోను తీసింది. ఆ పేరు ఒక్కొక్క అక్షరమే నొక్కింది. తలెత్తి, గట్టు వైపు చూస్తూ మళ్లీ కేకేసింది.

"ఇంగొగ మాటు చెప్పు మ్మా. ఇంటిపేరు గూడా చెప్పు. రాసుకుంటాండా."