తెన్రి బడి సముద్రం అవతల

పొద్దున్నే హస్నియా పామాయిల్ తోటలోకి అన్నం, ఎండుచేప మూట కడుతోంది. మొగుడు మప్పా గుమ్మంలో కూర్చుని గెలలు కోసే కొడవలి నూరుతున్నాడు. ఏడేళ్ల తెన్రి వాకిట్లో బొమ్మకి జడ వేస్తోంది. అంతా రోజూ ఉండేదే, గోడవారన సర్దిపెట్టిన చిన్న సంచీ తప్ప.

"గురువారం ఓడకి అక్క ఊరెళ్తోంది. పిల్లని తనతో పంపేద్దాం," అన్నాడు మప్పా.

"మీ అక్క సామాన్లలో నా పిల్ల కూడా ఒకటా?"

"ఎగతాళి కాదే. ఈ పరాయి దేశంలో, ఈ సబాలో మనకి కాగితాల్లేవు. ఏ సర్కారు బడీ దీన్ని చేర్చుకోదు. మనూళ్లో అమ్మ ఇంటి పక్కనే బడి. ఫీజు కూడా లేదు. అది మన దేశం పిల్ల, దాని హక్కు."

"నిద్దట్లో నా చెయ్యి కోసం తడుముకుంటుందే, అక్కడ ఎవరి చెయ్యి ఇస్తావు? రెండేళ్లన్నావు నన్ను తెచ్చేటప్పుడు. తొమ్మిదేళ్లయింది. మళ్లీ ఎప్పుడు చూస్తానయ్యా దాన్ని?"

మప్పా కొడవలి మీద రాయి మరింత గట్టిగా రుద్దాడు. పాపం, అతనికి మాత్రం తెలుసా?

అంతలో దూరంగా జీపు చప్పుడైంది. కాగితాల్లేనివాళ్లని పట్టుకెళ్లే పోలీసులొచ్చేది జీపులోనే. ఎవరూ చెప్పకుండానే తెన్రి చెప్పులు చేతపట్టుకుని, బొమ్మని చంకనెట్టుకుని, అడుగు చప్పుడు కాకుండా చెట్లలోకి వెళ్లిపోయింది.

అది తోట మేనేజరు జీపు. ఆగకుండా పోయింది. పిల్ల మాత్రం ఎంతకీ రాలేదు. హస్నియా వెతుక్కుంటూ వెళ్లింది. ఒక చెట్టు మొదలు వెనక ముడుచుకుని, బొమ్మ నోటికి అరచెయ్యి అడ్డం పెట్టి గుసగుసలాడుతోంది తెన్రి.

"పేరడిగినా చెప్పకూడదు. తెలిసిందా?"

ఆ మాటలు హస్నియావే. పిల్లకి మూడేళ్లప్పుడు నేర్పింది. తను బిడ్డకి నేర్పిన చదువు ఇదొక్కటే, అదీ ఇంత బాగా వచ్చేసింది.

పిల్లని ఎత్తుకొచ్చి గుమ్మంలో దించింది.

"ఓడ ఎన్నింటికి?" అంది మొగుడితో, అతని వైపు చూడకుండా.

తర్వాత తెన్రి ఎదురుగా కూలబడింది. "అక్కడ బళ్లో టీచరు పేరు పిలుస్తుంది. దాక్కోకూడదు. లేచి నిలబడి, ఉన్నాను అనాలి. ఏదీ... తెన్రీ!"

పిల్ల భయంగా తోవ వైపు చూసింది. "ఉన్నాను," అంది లోగొంతుతో.

"గట్టిగా."

"ఉన్నానమ్మా."

హస్నియాకి కన్నీళ్లు ఆగలేదు. తుడుచుకోలేదు కూడా.

"ఇంకా గట్టిగా, తల్లీ. నాకు ఇక్కడికి వినపడాలి."